నిమ్మరసం తడితో పిల్లల్ని ఎండలోకి పంపకండి

వేసవి సెలవుల్లో పిల్లల ఒంటి మీద ఒక రకం మచ్చలు కనిపిస్తుంటాయి. మోచేతి దగ్గర మొదలై మణికట్టు దాకా జారిన ధారలా ఒకటి, గడ్డం కింద చుక్కల్లా నాలుగు, మెడ వెనక వేలిముద్రల్లాంటివి ఇంకొన్ని. ముందు ఎర్రగా కందినట్టు ఉంటాయి. మర్నాటికో ఎల్లుండికో బొబ్బలెక్కుతాయి. బొబ్బలు మానాక ముదురు గోధుమరంగు మరకలై వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి ఉండిపోతాయి. వేడి గిన్నె తగిలిందేమోనని అమ్మ, ఏ పురుగో పాకిందని నాయనమ్మ, సర్పి అని పక్కింటివాళ్ళు తలా ఒక మాట అంటారు. అసలు కారణం చాలాసార్లు వంటింట్లోని నిమ్మకాయ. దాని రసం చర్మం మీద ఉండగానే ఎండ పడింది, అంతే.

చర్మవైద్యులకు ఇది బాగా తెలిసిన సంగతి. మన ఇళ్ళలో మాత్రం దీని గురించి చెప్పుకోవడం తక్కువ. ఇంటింటా నిమ్మకాయ ఉండే నేల మనది. గూడూరు, తెనాలి, నకిరేకల్ మార్కెట్ల నుంచి లారీలకొద్దీ నిమ్మ దేశమంతా వెళ్తుంది. ఇలా చర్మాన్ని కాల్చడంలో బాగా పేరుపడ్డ పండ్లలో మనం రోజూ పిండుకునే ఈ చిన్న నిమ్మ కూడా ఉంది. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ఈ రెండూ ఇంత ధారాళంగా ఉన్నచోట పిల్లల్ని పెంచేవాళ్ళు ఈ రెండింటి పొత్తు ఏం చేస్తుందో తెలుసుకుని తీరాలి.

నిమ్మలో, ముఖ్యంగా తొక్కలోని నూనెలో, సోరాలెన్లు అనే పదార్థాలుంటాయి. బూజునీ పురుగునీ ఎదుర్కోవడానికి మొక్క సొంతంగా తయారు చేసుకునే ఆయుధాలివి. నీడలో వీటివల్ల పెద్దగా అపాయం లేదు. చర్మంలోకి ఇంకి, కణాల్లో రెండు పోగుల నిచ్చెనలా ఉండే డీఎన్‌ఏ మెట్ల మధ్యకు దూరి ఊరకే ఉంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యూవీఏ అనే రకం తగిలిందంటే మాత్రం వాటి నడత మారిపోతుంది. కిరణం శక్తిని పీల్చుకుని డీఎన్‌ఏలోని థైమిన్ అనే భాగంతో గట్టి రసాయన బంధం వేసుకుంటాయి. మళ్ళీ కిరణం తగిలితే అవతలి పోగుతో కూడా బంధం పడుతుంది. రెండు పోగులూ కలిసి అతుక్కుపోతాయి. బడిసంచి జిప్పులో దారం ఇరుక్కుంటే ఏమవుతుందో ఊహించుకోండి. కణం రెండుగా చీలాలంటే ఆ పోగులు విడిపోవాలి, కానీ విడిపోలేవు. అలాంటి కణాలు కొన్ని చచ్చిపోతాయి. మనకు పైకి కనిపించే బొబ్బ ఆ చావుల ఫలితమే.

బతికిన కణాలు చాలావరకు దెబ్బతిన్న ముక్కను కత్తిరించి, కొత్తది అల్లుకుని సర్దుకుంటాయి. మన శరీరంలో ఆ ఏర్పాటు ఉంది, బాగానే పనిచేస్తుంది. అయినా ఎక్కడో ఒకచోట ఆ అల్లికలో తప్పు పడితే, ఆ తప్పు ఆ కణం నుంచి పుట్టే ప్రతి కణానికీ సంక్రమిస్తుంది. వంశలిపిలో ఇలా మార్పు తెచ్చే పదార్థాలను మ్యుటాజెన్లు అంటారు. కేన్సర్‌కు దారితీసే తొలి మెట్టు ఇలాంటి మార్పే. గమనించండి, నిమ్మతొక్కలోని ఈ పదార్థానికి ఆ గుణం వచ్చింది ఎండ వల్ల.

ఇది చదివి గాభరా పడకండి. ఒకసారి బొబ్బ లేచిన పిల్లకు కేన్సర్ వస్తుందని ఎవరూ చెప్పడం లేదు, నేనూ చెప్పడం లేదు. ఈ పదార్థాలను మందుగా వాడిన చరిత్ర చాలా పాతది కాబట్టి వాటి మంచీ చెడూ వైద్యులకు బాగా తెలుసు. బొల్లి మచ్చల మీద బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టడం మన ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉంది. బావంచాల్లో పనిచేసేది సోరాలెనే. ఈజిప్టులో నైలు నది పక్కన మొలిచే ఒక మొక్క గింజల్ని ఇదే పనికి వాడేవారు. 1940ల్లో కైరో విశ్వవిద్యాలయానికి చెందిన ఎల్ మోఫ్టీ అనే వైద్యుడు ఆ మొక్క నుంచి తీసిన మందును రోగులకిచ్చి చూశాడు. 1974లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు సోరాలెన్ మాత్ర వేసి, తర్వాత యూవీఏ దీపాల కింద నిలబెట్టి సోరియాసిస్‌ను అదుపులోకి తెచ్చారు. ఆ చికిత్స ప్రపంచమంతా పాకింది. ఎందరికో ఎంతో మేలు చేసింది.

ఆ రోగుల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వస్తే ఇంకో సంగతి బయటపడింది. చికిత్స చాలా ఎక్కువసార్లు తీసుకున్నవాళ్ళలో ఒక రకం చర్మ కేన్సర్ పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం ఆ మందునూ యూవీఏ కిరణాలనూ కలిపి, మనుషుల్లో కేన్సర్ కలిగిస్తాయని రుజువైన వాటి జాబితాలో చేర్చింది. ఐరోపాలో ఒకప్పుడు చర్మం త్వరగా గోధుమరంగు తేలాలని బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు నూనె కలిపిన క్రీములు రాసుకుని ఎండలో పడుకునేవారు. 1990ల్లో అక్కడి ప్రభుత్వాలు ఎండకు రాసుకునే క్రీముల్లో సోరాలెన్లు కిలోకు 1 మిల్లీగ్రాము మించకూడదని కట్టడి పెట్టాయి. ఒకసారి రెండుసార్లు తగిలిన దానికి శరీరం సర్దుకుంటుంది. తెలిసి తెలిసి మళ్ళీ మళ్ళీ తగిలించుకోవడం మాత్రం తెలివైన పని కాదు. అందులోనూ పసి చర్మానికి ముందు బోలెడు జీవితం ఉంది, బోలెడు ఎండలున్నాయి.

బొల్లి ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఇక్కడ విడిగా ఒక మాట. ఎవరో చెప్పారని బావంచాల నూనె తెచ్చి బిడ్డకు రాసి మిట్టమధ్యాహ్నం మేడ మీద కూర్చోబెట్టకండి. ఎంత పాళ్ళలో రాయాలి, ఎన్ని నిమిషాలు ఎండ తగలనివ్వాలి అన్నది చర్మవైద్యులు కూడా ఆచితూచి, కొంచెం కొంచెంగా పెంచుతూ చూసుకునే సంగతి. కొలత తప్పితే తెల్లమచ్చ ఉన్నచోట పుండు మిగులుతుంది. సోరాలెన్ మాత్రల్ని 12 ఏళ్ళలోపు పిల్లలకు సాధారణంగా ఇవ్వనే ఇవ్వరు. బొల్లి వల్ల ప్రాణానికేమీ ముప్పు లేదు. తొందరపడి బిడ్డను బాధపెట్టనవసరం లేదు.

నిమ్మ ఒకేసారి ఎంతమంది పిల్లల్ని బాధపెట్టగలదో 1984లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో చూశారు. ఒక వేసవి శిబిరంలో 622 మంది పిల్లలుంటే వారిలో 97 మందికి చేతుల మీద, మణికట్ల మీద వింత మచ్చలు లేచాయి. అంటువ్యాధేమోనని హడావిడి పడ్డారు. విచారిస్తే తేలిందేమిటంటే, ఆ పిల్లలు చేతిపనుల తరగతిలో పచ్చి నిమ్మకాయల్ని గుచ్చి సువాసన బంతులు తయారు చేశారు. తొక్కలోని నూనె చేతులకంటింది. ఆ చేతులతోనే బయటికెళ్ళి ఎండలో ఆడుకున్నారు. ఎవరూ ఏ తప్పూ చేయలేదు. తెలియకపోవడం ఒక్కటే జరిగింది.

మన ఇళ్ళలో ఇది ఎక్కడెక్కడ జరుగుతుందో చూద్దాం. చుండ్రు పోవాలని పిల్ల తలకు నిమ్మరసం పట్టించి, తల ఆరాలని వాకిట్లో ఎండలో కూర్చోబెడతాం. రసం చెమటతో కలిసి నుదుటి మీదికి, చెవుల వెనక్కి, మెడ మీదికి కారుతుంది. చర్మం తడిగా ఉంటే సోరాలెన్లు ఇంకా బాగా ఇంకుతాయి. రాసుకున్న అరగంట నుంచి రెండు గంటల మధ్యలో చర్మం ఎండకు బాగా లొంగి ఉంటుంది. తల ఆరబెట్టుకునే సమయం సరిగ్గా అదే. బడి వార్షికోత్సవం ముందో, అక్క పెళ్ళి ముందో ముఖం నల్లబడిందని శనగపిండిలో నిమ్మరసం కలిపి రుద్దుతాం. నలుపు తగ్గాలని చేసిన పనే, ఆ వెంటనే ఎండలోకెళితే నెలల తరబడి వదలని నల్లమచ్చగా మిగులుతుంది. ముఖానికి నిమ్మరసం పూయడం పిల్లల విషయంలో పూర్తిగా మానేయమనే నా సలహా. ఆ చర్మానికి అది చేసే మేలు కూడా ఏమంత లేదు.

ఇంకా ఉన్నాయి. విశాఖ బీచిలో నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తుకు, కోసిన నిమ్మచెక్కను ఉప్పూకారంలో అద్ది, పైనుంచి కిందికి రుద్ది ఇస్తారు. పిల్లవాడు రెండు చేతులతో పట్టుకుని కొరుకుతుంటే రసం పెదవుల పక్క నుంచి గడ్డం మీదికి, అరచేతుల నుంచి మోచేతుల దాకా కారుతుంది. పొద్దుగూకాక తింటే దిగుల్లేదు. పగటి ఎండలో తిని, ఆ చేతులతోనే ఇసుకలో ఆటకు పరుగెత్తితే కొంచెం జాగ్రత్తపడాలి. సీసాలో నీళ్ళుంటాయి కదా, మూతీ చేతులూ మోచేతుల దాకా కడిగి పంపండి. నిమ్మతొక్కను మడతపెట్టి నొక్కి అవతలివాడి ముఖం మీదికి చిమ్మే ఆట ప్రతి తరం పిల్లలూ కనిపెట్టుకుంటారు. తొక్కలో సోరాలెన్లు రసంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, కాబట్టి ఆ ఆట ఆరుబయట వద్దని బుజ్జగించి చెప్పండి. లెమన్ అండ్ స్పూన్ పందెంలో మాత్రం కాయ చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు భయం లేదు, హాయిగా పరుగెత్తనివ్వండి.

ఇక పెద్దలు. నిమ్మకాయ పచ్చడి పెట్టేటప్పుడు డాబా మీద కూర్చుని వంద కాయలు కోసే అమ్మల చేతుల మీద కూడా ఇవే మచ్చలు లేస్తాయి. చంటిబిడ్డ పక్కన ఆడుకుంటుంటే రసం చేత్తోనే ఎత్తుకుంటాం. ఎత్తుకున్న చోట చంకల కింద, వీపు మీద మన వేళ్ళ అచ్చులు పడతాయి. కోయడం, పిండడం నీడలో కానిచ్చి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను తాకితే చాలు. గుడ్డతో తుడుచుకుంటే నూనె పోదు. సబ్బూ నీళ్ళూ కావాలి. ఇంకో చిన్న సంగతి: యూవీఏ కిరణాలు కిటికీ అద్దం గుండా లోపలికొస్తాయి, కాబట్టి కారులో కూర్చున్నా అద్దం పక్కన ఎండ పడుతుంటే నీడలో ఉన్నట్టు కాదు.

నిమ్మరసం తాగడం మానిపిస్తారేమోనని ఇంత చెప్పాక నాకు దిగులుగా ఉంది. దయచేసి మానిపించకండి. మజ్జిగలో నిమ్మ, పులిహోరలో నిమ్మ, ఎండన పడి వచ్చిన పిల్లకు ఉప్పూ చక్కెరా కలిపిన నిమ్మనీళ్ళు ఎప్పటిలాగే ఇవ్వండి. మామూలుగా మనం తినే, తాగే మోతాదులో లోపలికెళ్ళిన సోరాలెన్ల వల్ల ఎండలో చర్మం కాలదు. చిక్కంతా పైన పూసుకున్నప్పుడూ పైన ఒలికినప్పుడూ వస్తుంది. మామిడి సొనతో కాలే మూతులూ బుగ్గలూ దీనికిందికి రావు. సొన తన ఘాటుతోనే కాలుస్తుంది, దానికి ఎండ అక్కర్లేదు. అంజూర చెట్టు ఆకు తుంచితే కారే పాలు మాత్రం నిమ్మ కోవలోవే. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మన కుటుంబాలు ఇంకో రెండు గుర్తుపెట్టుకోవాలి. అక్కడి కాలవగట్ల మీద, రోడ్ల పక్కన పెరిగే జెయింట్ హాగ్‌వీడ్, అడవి పార్స్‌నిప్ మొక్కల రసం ఇంతకంటే ఘోరంగా కాలుస్తుంది. వేసవి నడకలకు తీసుకెళ్ళేటప్పుడు పిల్లలకు ఆ మొక్కల బొమ్మలు చూపించి ఉంచండి.

ఎండ తగిలి గుణం మారే వస్తువులు వంటింట్లో ఇంకా కొన్నున్నాయి. అవి నిమ్మ అంత సూటిగా పోయి డీఎన్‌ఏని పట్టుకోవు. పాలల్లో రిబోఫ్లేవిన్ అనే బి2 విటమిన్ ఉంటుంది. అది వెలుగును పీల్చుకుని, ఆ శక్తిని గాలిలోని ఆక్సిజన్‌కు అందించి దాన్ని చురుకైన, దేన్నైనా తినేసే రూపంలోకి మారుస్తుంది. పాల రుచి చెడేది అందువల్లే. ఆ పనిలో విటమిన్ తానూ నశిస్తుంది. గాజుసీసాలో పాలు రెండు గంటలు నిండు ఎండలో ఉంటే బి2లో సగం, అంతకంటే ఎక్కువే పోతుంది. గేటుకు తగిలించిన సంచిలో పాలప్యాకెట్ ఎనిమిదింటిదాకా ఎండకు ఊగుతుంటే పిల్లల గ్లాసులోకి వచ్చేటప్పటికి అది పొద్దున్నే వచ్చిన పాలలా ఉండదు. ఆ సంచిని నీడ పడేవైపు తగిలిస్తే సరిపోతుంది.

నూనెలోనూ అంతే. గానుగ నూనెల్లో మిగిలే కొద్దిపాటి పత్రహరితం వెలుగు తగిలినప్పుడు అదే పని చేస్తుంది. చురుకెక్కిన ఆక్సిజన్ లినోలీక్ ఆమ్లంతో మామూలు ఆక్సిజన్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేగంగా కలుస్తుంది. అలా పాడైన నూనెలో పుట్టే మలోన్‌డైఆల్డిహైడ్ లాంటి పదార్థాలకు డీఎన్‌ఏకి అంటుకునే గుణం ఉందని ప్రయోగశాలల్లో చూశారు. ముక్కిపోయిన వాసన వచ్చిన నూనెను పిల్లల వంటకు వాడొద్దు. కొట్టు ముందు ఎండలో వేలాడదీసిన నూనె ప్యాకెట్ కంటే లోపల నీడలో ఉన్నది అడిగి తీసుకోండి. ఇంట్లో స్టీలు డబ్బాలో పోసి మూతపెట్టండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలున్న వార్డుల్లో, నరంలోకి ఎక్కించే పోషక ద్రావణం సీసాకూ గొట్టానికీ ముదురురంగు తొడుగు వేయడం కొందరు చూసే ఉంటారు. విటమిన్లూ కొవ్వూ కలిసిన ఆ ద్రావణానికి వెలుగు తగిలితే పెరాక్సైడ్లు పుడతాయి. ఆ తొడుగు వాటి నుంచి మీ బిడ్డకు రక్షణ. దాన్ని తొలగించి చూడబోకండి.

ఎండను శత్రువుగా చూపించడం నా ఉద్దేశం కాదు. పిల్లల ఎముకలకు కావలసిన విటమిన్ డి చర్మంలో తయారయ్యేది ఎండ వల్లే. వేరుశనగ, ఎండుమిర్చి సరిగ్గా ఎండకపోతే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ పుడుతుంది. అది కాలేయానికి కేన్సర్ తెచ్చే విషం, ఇక్కడ చెప్పిన వాటన్నిటికంటే ఎన్నో రెట్లు భయపడవలసింది. దాన్ని పుట్టకుండా ఆపేది మన డాబాల మీది మండుటెండే. వడియాలకీ అప్పడాలకీ మిరపకాయలకీ ఆ ఎండ కావాలి. పిల్లలకూ కావాలి, ఒంటి మీద నిమ్మరసం లేనప్పుడు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక్కోసారి జరుగుతుంది. రసం ఒలికిందని వెంటనే తెలిస్తే సబ్బుతో కడిగి ఆ పూటంతా నీడలో ఉంచండి. బొబ్బలు లేచాక తెలిస్తే చిదమకండి, చల్లటి తడిగుడ్డ వేయండి, పసుపూ టూత్‌పేస్టూ పూయకుండా వైద్యుడికి చూపించండి. మచ్చ పూర్తిగా పోయేదాకా ఆ చోట ఎండ పడకుండా పొడుగు చేతుల చొక్కా వేయండి. త్వరగా పోవాలని దాని మీద మళ్ళీ నిమ్మచెక్క రుద్దకండి.

చివరిది, నా మనసుకు బాగా దగ్గరైనది. ఈ మచ్చలు ధారల్లా, వేలిముద్రల్లా ఉండటం వల్ల బిడ్డను ఎవరో కొట్టారనో వాత పెట్టారనో అనుమానపడిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కొన్నిసార్లు కన్నవాళ్ళనే అనుమానించారు. బిడ్డకు నిజంగా ఎవరైనా హాని చేస్తే మనం కళ్ళు మూసుకోకూడదు, అందులో రెండో మాట లేదు. అయితే నిమ్మరసం తగిలిన ఒకటి రెండు రోజులకు గానీ మచ్చ లేవదు కాబట్టి, అప్పటికి ఆ నిమ్మకాయ సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు. అందుకని వైద్యుడి దగ్గర కూర్చున్నప్పుడు మొన్నటి రోజును గుర్తుచేసుకోండి. షర్బత్ పిండారా, పచ్చడి పెట్టారా, తలకు రాశారా, బీచికెళ్ళారా? గుర్తొచ్చింది వైద్యుడికి చెప్పండి. ఎవరి మీదైనా మాట తూలేముందు ఆ ఒక్క పని చేయండి.